తేమ మిషన్ చూసే నీరు, చూడని నీరు

సార్వా కోతలు మొదలయ్యాక మా వైపు ఏ రోడ్డెక్కినా ధాన్యమే. ద్రాక్షారామ వెళ్లే దారిలో తారురోడ్డుకి ఒక పక్కంతా ఆరబోసి, బళ్లు ఎక్కకుండా రాళ్లు పేర్చి, పొద్దువాలే వేళకి కుప్ప చేసి బరకాలు కప్పుతారు. ఆ రోజుల్లో ఎవరు ఎవరికి ఎదురుపడినా అడిగేది ఒకటే, "తేమ ఎంతొచ్చింది?" అని. ప్రభుత్వం మద్దతు ధరకి కొనాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. దానికి ఇటు ఉంటే చేతికి డబ్బు. అటు ఉంటే మళ్లీ ఆరబోత, మళ్లీ కూలీ, మబ్బు పట్టిందంటే మళ్లీ టెన్షన్.

కిందటి కోతలప్పుడు మా బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మడూ, నువ్వు చదివిందంతా నీళ్ల గురించే కదా, ఇది చెప్పు. సాయంత్రం మన కల్లంలో పెడితే పదహారు చూపించింది. రాత్రి బరకం కప్పి, పొద్దున్నే లోడెత్తి మిల్లుకి తోలితే పద్దెనిమిది అంటున్నారు. మధ్యలో వాన లేదు, చుక్క నీరు తగల్లేదు. ఇది మోసం కాకపోతే ఏంటి?"

"మోసం సంగతి నేను చెప్పలేను బాబాయ్, అక్కడ నేను లేను. కానీ ఎవరూ ఏమీ చెయ్యకుండానే గింజ ఆ పని చెయ్యగలదు" అన్నాను. ఫోన్లో తేలే విషయం కాదు. ఆయనలాగే అడిగేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను కెమికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. పరిశోధన చేసేది ఇరుకు చోట్ల చిక్కుకున్న ద్రవాల మీద. చిక్కుకున్న నీరంటే సీసాలో నీరో, పైపులో నీరో కాదు. నాలుగైదు అణువులు పక్కపక్కన పడితే నిండిపోయేంత సందులో ఉన్న నీరు. నీటి అణువు అడ్డంగా సుమారు 0.28 నానోమీటర్లు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. మేం చూసే సందులు ఒకటి రెండు నానోమీటర్లు, మహా అయితే పది. అలాంటివి పెద్ద పెద్ద ల్యాబుల్లోనే ఉంటాయని మా విద్యార్థులు కూడా అనుకుంటారు. ధాన్యం గింజ నిండా ఉన్నవి అవే. మన నల్లరేగడి నిండా ఉన్నవి అవే.

ముందు గింజ సంగతి. బియ్యం గింజలో ఎక్కువ భాగం స్టార్చ్, అంటే పొడవాటి గొలుసు అణువులు. ఆ గొలుసుల మధ్య సందుల్లో నీరు ఉంటుంది. ఎండకి పై పొర గబగబా ఆరిపోతుంది. లోపలి నీరు బయటికి రావాలంటే ఆ సందుల గుండా, గొలుసుని పట్టుకుంటూ వదులుతూ రావాలి, దానికి గంటలు పడుతుంది. సాయంత్రం కుప్ప చేసే వేళకి గింజ బయట పొడి, నడుమ తడి. తేమ మిషన్లు ఎక్కువగా కరెంటు మీద ఆధారపడి పనిచేస్తాయి. కొన్ని గింజ గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తాయి, కొన్ని గింజల మధ్య ఎంత చార్జి నిలుస్తోందో చూస్తాయి, చూసినదాన్ని తేమ శాతంగా మార్చి చూపిస్తాయి. మొదటి రకం మిషన్‌కి పై పొర పొడిగా ఉంటే ఉన్న తేమ కంటే తక్కువ కనిపిస్తుంది. రాత్రంతా బరకం కింద ఉన్నాక నడుమ ఉన్న తేమ పైకి వచ్చి సర్దుకుంటుంది. తెల్లారేసరికి అదే గింజ, అంతే నీరు, అంకె మాత్రం పెరుగుతుంది.

దానికి తోడు మంచు. చలికాలం తెల్లవారుజామున మన గాలిలో తేమ 90 శాతానికి పోవడం మామూలే. సన్నటి సందుల్లో నీరు చేరడానికి గాలి నూటికి నూరు పాళ్లు తడిసి ఉండనక్కర్లేదు. 1871లో కెల్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించింది ఇదే. సందు ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ తేమ దగ్గరే ఆవిరి నీరై అందులో చేరిపోతుంది. ఆయన సూత్రంతో లెక్క వేస్తే, నీరంటుకునే గోడలున్న రంధ్రం వ్యాసార్థం పది నానోమీటర్లయితే గాలి తేమ 90 శాతం దగ్గరే నిండుతుంది. ఒక నానోమీటరే అయితే 35 శాతం చాలు. అంత ఇరుకులో ఆ సూత్రం నిలవడానికి వీల్లేదనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ నీటికి ఉపరితలం అనేదే సరిగ్గా ఉండదు. కానీ 2020లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అణువంత మందం సందులు కట్టి కొలిస్తే దాదాపు సరిపోయింది. గోడలు కాస్త వంగి సర్దుకోవడం దానికి ఒక కారణం అని వాళ్లు చెప్పారు. ఆ పేపరు చదివినప్పుడు నాకు కెల్విన్ మీద గౌరవం ఇంకా పెరిగింది.

ధాన్యం గింజలో గోడలు వంగడమే కాదు, ఉబ్బుతాయి కూడా. నీరు చేరితే స్టార్చ్ గొలుసులు దూరం జరుగుతాయి, నీరు పోతే దగ్గరవుతాయి. ఇలా కాస్త వేడికో, కాస్త తేమకో, కాస్త ఒత్తిడికో రూపు మార్చుకునే పదార్థాలన్నిటినీ సాఫ్ట్ మ్యాటర్ అంటారు. పెరుగు, సబ్బు నురగ, రంగులు, మన కణాల చుట్టూ ఉండే పొర, జిగురు, అన్నీ ఈ కోవలోవే. ఫ్రాన్స్‌కి చెందిన పియర్ జీల్ ద జెన్‌కి 1991లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చినప్పుడు ఆయన ఇచ్చిన ఉపన్యాసం పేరే సాఫ్ట్ మ్యాటర్. స్టార్చ్‌కి రెండు స్థితులున్నాయి. నీరు తక్కువగా, చల్లగా ఉంటే గొలుసులు కదలకుండా బిగుసుకుని ఉంటాయి, దాన్ని గాజు స్థితి అంటాం. నీరూ వేడీ పెరిగితే గొలుసులు కదలడం మొదలుపెడతాయి, అది రబ్బరు స్థితి. ఏ స్థితిలో ఉందన్నది వేడి ఒక్కటే తేల్చదు. సందుల్లో నీరు ఎంతుందన్నది కూడా తేలుస్తుంది.

ఇదంతా కళ్లతో చూడొచ్చు. మంచి ఎండలో గబగబా ఎండబెట్టిన ధాన్యంలోంచి నాలుగు గింజలు తీసి పొట్టు ఒలవండి. ఫోను టార్చి వెలిగించి, గింజని దాని మీద అడ్డంగా పెట్టి, మీ నీడ పడకుండా చూడండి. బాగున్న గింజ ఒకే రకంగా మెరుస్తుంది. కొన్నిట్లో మాత్రం అడ్డంగా ఒక సన్నటి గీత, వెలుతురు అక్కడ ఆగిపోయినట్టు. కొన్నిట్లో రెండు మూడు గీతలుంటాయి. గోటితో తాకితే ఏమీ తెలియదు, పైన నునుపుగానే ఉంటుంది. పై పొర ఆరి గాజు స్థితికి వెళ్లింది, నడుమ ఇంకా రబ్బరు స్థితిలోనే ఉంది, రెండిటికీ పొత్తు కుదరక లోపల పడిన పగులు అది. మిల్లులో రోలరు కింద ఆ గింజ నిలవదు, నూకవుతుంది. ఆరబెట్టి, కుప్ప చేసి కొన్ని గంటలు కప్పి ఉంచి, మళ్లీ ఆరబెడితే గీతలు తగ్గుతాయి. ఆధునిక మిల్లుల డ్రయ్యర్లలో కూడా వేడి గాలి పట్టించాక మధ్యలో విరామం ఇచ్చేది అందుకే. నేను ఈ సంగతి చెబితే బాబాయ్ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా నాన్న హయాంలో రెండు ఎండలకి మధ్య ఒక రాత్రి ఉండాలనేవారు" అన్నాడు.

ఇక మిషన్ల రెండో రకం, గింజల మధ్య నిలిచే చార్జిని చూసేవి. ఇవి నీటికున్న ఒక గొప్ప గుణం మీద ఆధారపడతాయి. విద్యుత్ క్షేత్రంలో పెడితే మామూలు నీరు దాన్ని సుమారు 80 రెట్లు తగ్గిస్తుంది, ఎండిన గింజ పదార్థానికి ఆ అంకె పది లోపే. కాబట్టి గింజల్లో నీరు ఏ కాస్త పెరిగినా మిషన్‌కి తెలిసిపోతుంది. కానీ ఆ 80 సీసాలో నీటిది. 2018లో అదే మాంచెస్టర్‌లో ఒక నానోమీటరు మందాన నీటిని చదునైన పలకల మధ్య బంధించి, పలకలకి నిలువు దిశలో కొలిస్తే వచ్చింది దాదాపు 2. నీటి అణువులు అటూ ఇటూ తిరగడానికి చోటు లేక, క్షేత్రానికి తగ్గట్టు మళ్లలేకపోయాయి. గింజలో సందులు అంత చదునుగా ఉండవు, అంత పొందిగ్గానూ ఉండవు, కాబట్టి ఆ 2 ని తెచ్చి ఇక్కడ పెట్టకూడదు. కానీ స్టార్చ్‌ని గట్టిగా పట్టుకున్న నీరు మిషన్‌కి మామూలు నీరులా కనపడదన్నది మాత్రం ఇక్కడా నిజమే. అందుకే ఈ మిషన్లని ఒక్కో పంటకీ, ఒక్కో వేడికీ విడివిడిగా సరిచూసుకోవాలి. ఓవెన్‌లో ఎండబెట్టి బరువు తూచి చెప్పే తేమే అసలు తేమ. కొనుగోలు కేంద్రంలో రైతు "మిషన్‌ని ఎప్పుడు సరిచూశారు?" అని అడగడం హక్కు. అది అడగండి.

నీరు గోడ పక్కన ఎందుకలా మారిపోతుంది? పెళ్లిలో బంతి భోజనాలు తలుచుకోండి. గోడ వెంబడి ఒక వరుస నేరుగా కూర్చుంటారు, దానికి ఎదురుగా ఇంకో వరుస. గది వెడల్పు సరిగ్గా రెండు వరుసలకో మూడు వరుసలకో సరిపోతే అందరూ కుదురుగా ఉంటారు. రెండున్నర వరుసల చోటైతే తోపులాటే. ఇరుకు సందులో ద్రవం అణువులు చేసేది అదే. వరుసలు కుదిరే వెడల్పు దగ్గర సందు నిలకడగా ఉంటుంది, కుదరని వెడల్పు దగ్గర గోడల్ని నెట్టడమో లాగడమో చేస్తుంది. దీన్ని చేతితో పట్టుకున్నంత స్పష్టంగా కొలిచి చూపించినవాడు జేకబ్ ఇజ్రాయెలాష్విలి అనే శాస్త్రవేత్త. రెండు అభ్రకం రేకుల్ని ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య దూరాన్ని 0.1 నానోమీటరు వరకు కొలుస్తూ బలం చూశాడు. మన నెల్లూరు వైపు గూడూరు గనుల్లో తవ్వే అభ్రకమే, కాకిబంగారం అంటామే, ఆ ఖనిజం పొరగా చీలితే అణువంత ఎత్తుపల్లం కూడా లేకుండా నునుపుగా వస్తుంది. అందుకే దాన్ని ఎంచుకున్నారు. 1981లో హార్న్‌తో కలిసి ఇచ్చిన పేపర్లో రేకులు దగ్గరయ్యేకొద్దీ బలం నెట్టడం, లాగడం, నెట్టడం, లాగడంగా మారుతూ కనిపిస్తుంది. ఒక్కో మార్పుకీ మధ్య దూరం ఒక అణువంత. మా పాఠ్యపుస్తకాల్లో ద్రవానికి ఒక సాంద్రత, ఒక స్నిగ్ధత (అంటే పారేటప్పటి చిక్కదనం) రాసి ఉంటాయి. వాటిని కంఠస్థం చేసిన పిల్లలకి ఈ ఒక్క గ్రాఫు రెండో ఏడాదిలోనే చూపించాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నేల. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్రయంబకంలో, దక్కన్ బసాల్టు రాళ్ల మీద. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట లావాగా పారి గడ్డకట్టిన రాళ్లవి. అవి చివికి చివికి అయిన బంకమట్టిని నది 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చి మన దగ్గర పరిచింది. ఆ బంకమట్టిలో ఎక్కువగా ఉండేది స్మెక్టైట్ జాతి ఖనిజం, అందులో మాంట్‌మోరిల్లొనైట్ పేరు మీరు వినే ఉంటారు. దాని పొర మందం ఒక నానోమీటరు. రెండు సిలికా రేకుల మధ్య ఒక అల్యూమినా రేకు. అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడా మెగ్నీషియం దూరడం వల్ల పొర మొత్తానికి కాస్త రుణావేశం ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం అయాన్లు, అంటే ఛార్జి ఉన్న పరమాణువులు చేరతాయి, వాటి వెంట నీరు చేరుతుంది.

ఆ నీరు ఎంతంటే అంత చేరదు. ఒక వరుస చేరుతుంది, పొర నుంచి పొరకి దూరం 1 నానోమీటరు దగ్గర్నుంచి 1.25కి పెరుగుతుంది. తేమ పెరిగితే రెండో వరుస, 1.5కి. ఆ పైన మూడో వరుస. మధ్యలో ఆగడం ఉండదు, మెట్టు మెట్టుగా ఉబ్బుతుంది. ఎక్స్ రేలతో ఈ మెట్లు కనిపిస్తాయి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, దాళ్వా, అంటే రెండో పంట, కోసిన మడి నెర్రెలు విచ్చి చెయ్యి దూరేంత వెడల్పు పగుళ్లు పడుతుందే, అది కోటానుకోట్ల పొరల మధ్యనుంచీ, ఆ పొరల కట్టల మధ్యనుంచీ నీరు వెళ్లిపోగా మిగిలిన ఖాళీ. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీరు వదిలాక ఆ నెర్రెలు మూసుకోవడమూ అలాగే. రేగడి మీద కట్టిన ఇళ్లకి గోడలు బీటలివ్వడానికీ, ఇసక పోసి పునాది వెయ్యడానికీ కారణం ఈ ఉబ్బడం, కుంగడమే.

ఆ పొరల మధ్య ఏ అయాన్ ఉందన్న దాన్నిబట్టి రైతు బతుకు మారిపోతుంది. 1954లో నోరిష్ అనే శాస్త్రవేత్త చేసిన కొలతలు ఈ విషయంలో చాలా ముఖ్యమైనవి. కాల్షియం ఉంటే పొరల దూరం 1.9 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండు ఛార్జీలున్న కాల్షియం అటు పొరనీ ఇటు పొరనీ కలిపి పట్టి ఉంచుతుంది. సోడియం ఉంటే, పైగా నీటిలో ఉప్పు తక్కువైతే, ఆ పట్టు వదిలిపోయి పొరలు ఎక్కడికక్కడ విడిపోతాయి. విడిపోయిన పొరలు మట్టిలో ఉన్న పెద్ద రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తాయి. నీరు కిందికి దిగదు, గాలి వేళ్లకి అందదు, ఆరితే పైన చెక్క కడుతుంది.

సముద్రం వైపు చివరి భూములున్న ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం రైతులకి ఇది కొత్త సంగతి కాదు. పోటు సమయంలో డ్రైన్లలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది, దాంతో సోడియం వచ్చి పొరల మధ్య కూర్చుంటుంది. ఉప్పు ఉన్నంతసేపూ మట్టి విడిపోకుండానే ఉంటుంది. ఉప్పు కడిగేద్దామని మంచినీళ్లు పెట్టినప్పుడే అసలు బాధ మొదలవుతుంది. చౌడు భూమికి ముందు జిప్సం వేసి ఆ తర్వాత నీరు పెట్టి మురుగు తియ్యాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది అందుకే. జిప్సంలో కాల్షియం ఉంది, అది సోడియాన్ని పొరల మధ్య నుంచి తప్పిస్తుంది, బయటపడిన సోడియం నీళ్లతో పాటు డ్రైనులోకి పోవాలి. డ్రైను పూడిపోయి ఉంటే ఎన్ని బస్తాల జిప్సం వేసినా ఆ సోడియం అక్కడే తిరుగుతుంది.

మీ నేల ఏ రకమో ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు. 1967లో ఎమర్సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పరీక్షలని ఒక వరసలో పెట్టాడు. ఆరిన మట్టి బెడ్డ, బఠాణీ గింజంత, ఒకటి తీసుకోండి. గాజు గ్లాసులో వాన నీరు పట్టి ఉంచింది పోయండి, బోరు నీరు వద్దు, అందులో ఉప్పులుంటాయి. బెడ్డని నెమ్మదిగా అడుగుకి జారవిడిచి గ్లాసుని కదపకుండా వదిలెయ్యండి. ముందు చిన్న చిన్న బుడగలొస్తాయి. కొన్ని బెడ్డలు విరిగి గుట్టగా కూలిపోతాయి, చుట్టూ నీరు మాత్రం తేటగానే ఉంటుంది. కొన్నిటి చుట్టూ కాసేపటికి తెల్లటి మబ్బులాంటి మడ్డి బయల్దేరి, గ్లాసు అడుగంతా పాకి, మర్నాటికి కూడా దిగదు. రెండో రకమైతే పొరలు విడిపోతున్నాయి, సోడియం ఎక్కువున్నట్టే. అప్పుడు నేల పరీక్షా కేంద్రానికి మట్టి పంపండి, జిప్సం ఎంతన్నది వాళ్లు లెక్కగట్టి చెబుతారు.

నేను ఈ పొరల్నే కంప్యూటర్‌లో కడతాను. వినడానికి పద్ధతి తేలికే. ఒక్కో పరమాణువు మీదా చుట్టుపక్కల వాటి బలం లెక్కగట్టి, న్యూటన్ సూత్రంతో ఒక ఫెమ్టోసెకను (నానోసెకనులో పది లక్షల వంతు) తర్వాత అది ఎక్కడుంటుందో అక్కడికి జరుపుతాం. మళ్లీ బలం, మళ్లీ జరపడం. పది లక్షల సార్లు చేస్తే ఒక నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లో వంతు గడిచినట్టు. మట్టి పొరల కోసం 2004లో సైగన్ బృందం ఇచ్చిన క్లేఎఫ్ఎఫ్ అనే బలాల పట్టిక వాడతాం. నీటికి వేరే నమూనాలున్నాయి.

ఈ పద్ధతిని నిజమైన ద్రవం మీద మొదట నడిపి చూపించింది అనీసుర్ రెహమాన్. 1927లో హైదరాబాదులో పుట్టారు. 1964లో అమెరికాలో ఆర్గోన్ నేషనల్ లేబొరేటరీలో పనిచేస్తూ 864 ఆర్గాన్ పరమాణువుల కదలికని కంప్యూటర్‌లో లెక్కకట్టి, వచ్చిన ఫలితాన్ని ప్రయోగాలతో పోల్చారు. 1971లో స్టిల్లింజర్‌తో కలిసి 216 అణువులతో నీటిని కట్టారు. ఇవాళ కొత్త మందుల మీదా, బ్యాటరీల మీదా జరిగే పరిశోధనల్లో ఆ పద్ధతిని బాగా వాడుతున్నారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఏటా కంప్యూటేషనల్ ఫిజిక్స్‌లో ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే. మన క్లాసుల్లో ఆ పేరు అడిగితే ఒక్క చెయ్యి లేవదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. తెలుగు నేల మీద పుట్టిన మనిషి, ఒక విద్యకి దారి వేసినవాడు. స్కూలు పుస్తకంలో ఒక పేజీ ఇవ్వాలి.

ఆయన వేసిన దారిలోనే 2001లో హమ్మర్ బృందం 0.8 నానోమీటర్ల వెడల్పు కార్బన్ గొట్టాన్ని కంప్యూటర్‌లోనే నీళ్లలో పెట్టి చూసింది. నీరంటే పడని గొట్టం కాబట్టి ఖాళీగానే ఉంటుందనుకుంటాం. నీళ్లు ఒకే వరుసలో, ఒకదాన్నొకటి పట్టుకుని, గొట్టం నిండా చేరిపోయాయి. అప్పట్నుంచి ఉప్పునీటిని మంచినీరు చేసే ఫిల్టర్ల మీద పనిచేసేవాళ్లకి అది ఒక ఆశ.

మా పని అంత పేరున్నది కాదు, కానీ మన మడి కోసం చేస్తున్నది. ఇప్పటిదాకా మేం కట్టిన పొరలన్నీ అంచులు లేనివి. లెక్క తేలిక కోసం పొర అటూ ఇటూ ఆగకుండా సాగుతున్నట్టు అనుకుంటాం. నిజం మట్టి పొరకి అంచులున్నాయి, అంచు దగ్గర తెగిన సిలికాన్‌కీ అల్యూమినియానికీ హైడ్రాక్సిల్‌లు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) అంటుకుని ఉంటాయి, అవి నేల పీహెచ్‌ని, అంటే ఆమ్ల క్షార గుణాన్ని బట్టి ప్రోటాన్‌ని వదులుతాయి, పట్టుకుంటాయి. పొర ముఖం మీద ఛార్జి ఎప్పుడూ ఒకలా ఉంటుంది, అంచు మీదిది మారుతూ ఉంటుంది. బెడ్డ విడిపోవాలా కలిసి ఉండాలా అన్నదాంట్లో ఆ అంచుల వాటా చాలా ఉంది. మా దగ్గర ఎంటెక్ చేస్తున్న అమ్మాయి అల్లవరం వైపు నుంచి వచ్చింది, వాళ్ల సొంత చేను చౌడే. అంచులతో సహా పొర కట్టడం తను మొదలుపెట్టింది. చౌడు నేలల్లో పీహెచ్ 8.5 దాటుతుంది కాబట్టి ముందు అక్కడ నడపమన్నాను. సోడియంతో ఒకటి, కాల్షియంతో ఒకటి, రెండూ కలిపి ఒకటి.